ఇన్‌స్టాలర్‌ను ఏ భాషలో రాయాలి?

మన వార్షికోత్సవ సంచికలో కంప్యూటర్ మీద వ్యాసం అంటే ఏ కోర్సు చేస్తే ఏ ఉద్యోగం వస్తుంది, ఏ లాంగ్వేజ్‌కు గిరాకీ ఉంది అన్నదే ఎక్కువగా ఉంటుంది. అలాంటి వ్యాసాలు కావాలి, కాదనను. అయితే ఈసారి నేను వేరే ప్రశ్న మీ ముందు పెడుతున్నాను. కంప్యూటర్‌లోకి ఆపరేటింగ్ సిస్టం ఎక్కించే పనిముట్లను, అంటే ఇన్‌స్టాలర్‌ను, దాని వెంట ఉండే చిన్న చిన్న ప్రోగ్రాములను, ఏ భాషలో రాయాలి? ఇది ఎక్కడో అమెరికాలోనో జర్మనీలోనో కూర్చున్న ఇంజనీర్ల గొడవ కదా, మనకెందుకు అని మీరు అడగవచ్చు. ఈ విషయంలో వాళ్ళకంటే మనకే ఎక్కువ పట్టింపు ఉండాలని నా అభిప్రాయం.

కారణం చెబుతాను. షోరూంలో కొత్త కంప్యూటర్ కొనేవాడికి సిస్టం వేసే ఇస్తారు. వాడు జీవితంలో ఇన్‌స్టాలర్ ముఖం చూడకపోయినా పని జరిగిపోతుంది. మన హాస్టళ్ళకు వచ్చేవి ఆఫీసులు వాడి పక్కన పెట్టినవి, దాతలు ఇచ్చినవి, సెకండ్ హ్యాండ్ షాపులో నలుగురు డబ్బులు వేసుకుని కొన్నవి. వాటి హార్డ్ డిస్క్ ఖాళీగానైనా ఉంటుంది, వైరస్‌లతో నిండైనా ఉంటుంది. సిస్టం వేసుకోవాల్సింది మనమే. కాబట్టి ఉన్నవాడికి ఇన్‌స్టాలర్ ఎప్పుడో ఒకసారి కనిపించే తెర మాత్రమే. లేనివాడికి అది గడప. ఆ గడప ఎంత ఎత్తు ఉండాలో నిర్ణయించే వాటిలో దాన్ని రాసిన భాష ఒకటి.

ముందు ఇన్‌స్టాలర్ ఏం చేస్తుందో తెలుసుకుందాం. పెన్ డ్రైవ్‌తో కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు అందులోంచి ఒక చిన్న సిస్టం మెమరీలోకి వచ్చి కూర్చుంటుంది. అదే హార్డ్ డిస్క్‌ను భాగాలు చేయాలి, ఫైళ్ళు కాపీ చేయాలి, నెట్‌వర్క్ చూడాలి, యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టాలి. చివరికి మళ్ళీ ఆన్ చేస్తే డిస్క్ నుంచే లేచేలా బూట్ లోడర్‌ను పెట్టాలి. పొయ్యి ఇంకా కట్టని కొత్త వంటింట్లో మొదటి పూట వంట చేయడం లాంటిది ఇది. మూడు రాళ్ళు, ఒక గిన్నె ఉంటాయి. వాటితోనే కానివ్వాలి. గ్రైండర్ కావాలంటే కుదరదు.

ఈ పనులను సి భాషలో రాసి, కంపైల్ చేసి ఇవ్వవచ్చు. వేగంగా నడుస్తుంది, చోటు తక్కువ తీసుకుంటుంది. కానీ చిన్న మార్పు చేయాలన్నా మళ్ళీ కంపైల్ చేయాలి. లోపల ఏముందో కంటికి కనిపించదు. రెండో దారి స్క్రిప్టు. స్క్రిప్టు రాసింది రాసినట్టే ఫైల్‌లో ఉంటుంది. తెరిచి చదవచ్చు, ఒక లైను మార్చి మళ్ళీ నడిపి చూడవచ్చు. అయితే దాన్ని యంత్రానికి చదివి చెప్పడానికి ఇంటర్‌ప్రెటర్ అనే దుబాసీ ఉండాలి. ఆ దుబాసీకి మెమరీలో, పెన్ డ్రైవ్‌లో చోటు ఇవ్వాలి. యునిక్స్ కుటుంబంలో ఎప్పటినుంచో ఉన్న దుబాసీ షెల్. 1979 నాటి బోర్న్ షెల్ పద్ధతే ఇప్పటికీ చాలావరకు నడుస్తోంది. తర్వాత 1987లో పెర్ల్, 1991లో పైథాన్, 1993లో లువా, 1995లో రూబీ వచ్చాయి. వీటిలో ఏది ఎంచుకోవాలన్నదే తగాదా. వట్టి వాదనతో తేల్చేకన్నా, ఇప్పటికే ఎంచుకున్నవాళ్ళకు ఏం జరిగిందో చూడడం మంచిది.

ఫ్రీబీఎస్‌డీ అనే సిస్టంలో ఒకప్పుడు పెర్ల్ మూల సిస్టంలోనే భాగంగా ఉండేది. కొత్త యూజర్‌ను చేర్చే ప్రోగ్రాము లాంటివి పెర్ల్‌లో రాసేవారు. పెర్ల్ మంచి భాషే. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పెర్ల్ తన దారిన తాను పెరుగుతోంది, సిస్టం తన దారిన తాను పోతోంది. ఫ్రీబీఎస్‌డీ 4 వరుసలో పెర్ల్ 5.005 దగ్గరే ఆగిపోయింది. బయట చూస్తే 2000లో 5.6, 2002లో 5.8 వచ్చేశాయి. కొత్త పెర్ల్ కావాల్సినవాడు రెండోది విడిగా వేసుకోవాలి. పాతది తీసేద్దామంటే సిస్టం పనిముట్లు ఆగిపోతాయి. పైగా అంత పెద్ద భాషను ప్రతి రకం ప్రాసెసర్‌కూ సిస్టంతో పాటు కట్టి ఇవ్వడం భారమైంది. చివరికి 2002లో పెర్ల్‌ను మూల సిస్టం నుంచి తీసేశారు. 2003 జనవరిలో 5.0 అలాగే వచ్చింది. పెర్ల్‌లో ఉన్న పనిముట్లను కొన్ని సిలో, కొన్ని షెల్‌లో తిరగరాసుకున్నారు.

అదే ఫ్రీబీఎస్‌డీలో ఇన్‌స్టాలర్‌ది వేరే కథ. సిస్‌ఇన్‌స్టాల్ అనే పాత ఇన్‌స్టాలర్ సి భాషలో ఉండేది. అది నమూనాగా మొదలై, గడువు దాటాక కూడా ఏళ్ళ తరబడి బతికిందని, ఇక పోవాల్సిందేనని దాని సొంత మాన్యువల్ పేజీలోనే రాసుకున్నారు! 2012 జనవరిలో 9.0తో పాటు దాని స్థానంలోకి బీఎస్‌డీఇన్‌స్టాల్ వచ్చింది. డిస్క్‌ను భాగాలు చేసే ముక్క లాంటివి సిలో ఉన్నా, మిగతాదంతా ఒక్కో అంచెకు ఒక్కో చిన్న షెల్ స్క్రిప్టు. ఒక అంచె నచ్చకపోతే ఆ ఒక్క స్క్రిప్టు మార్చుకోవచ్చు. పెద్ద ప్రోగ్రామంతా అర్థం చేసుకోవలసిన పని లేదు.

రెడ్ హ్యాట్ వాళ్ళు 1999లో అనకొండ అనే ఇన్‌స్టాలర్‌ను ఎక్కువ భాగం పైథాన్‌లో తెచ్చారు. తర్వాత ప్యాకేజీలు దించి వేసే యమ్ కూడా పైథానే. పైథాన్ చదవడానికి తేలిక, నేర్చినవాళ్ళు ఎక్కువ. ఇక్కడా ఒక ముల్లు ఉంది. సిస్టం పనిముట్లు వాడే పైథాన్, మనం ప్రోగ్రాములు రాసుకునే పైథాన్ ఒకటే. కొత్త పైథాన్ కోసం పాతదాని లింకు మార్చినవాళ్ళకు ఆ క్షణం నుంచే యమ్ పనిచేయడం మానేసేది. సాఫ్ట్‌వేర్ వేసే పనిముట్టే చెడిపోతే, బాగుచేసే సాఫ్ట్‌వేర్‌ను దేనితో వేస్తారు? బావిలో పడ్డ చేదను తీయడానికి ఆ చేదే కావాలన్నట్టు ఉంటుంది. 2008లో వచ్చిన పైథాన్ 3కు పాత పైథాన్ 2తో పొసగదు. ఫెడోరా ఇన్‌స్టాలర్ పైథాన్ 3కు మారేసరికి 2015 అయింది. 2019లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లో సిస్టం పనిముట్ల కోసం ఒక పైథాన్‌ను విడిగా, యూజర్ చేయి తగలని చోట పెట్టారు. 2024 అక్టోబర్‌లో వచ్చిన ఫెడోరా 41లో ప్యాకేజీల పనిముట్టు సి ప్లస్ ప్లస్‌లో రాసిన డీఎన్‌ఎఫ్ 5 అయింది.

జర్మనీకి చెందిన సూసె వాళ్ళు ఇంకో దారి పట్టారు. వాళ్ళ యాస్ట్ అనే ఇన్‌స్టాలర్ కోసం వైసీపీ అని సొంత భాషే తయారుచేసుకున్నారు. పేరు చూసి నవ్వకండి, ఇది మన రాజకీయం కాదు! సొంత భాష అంటే అన్నీ మన ఇష్టప్రకారం కుదురుతాయి. కానీ ప్రపంచంలో ఎవడైనా ఆ భాషను యాస్ట్ కోసం తప్ప ఎందుకు నేర్చుకుంటాడు? దానితో బయట ఉద్యోగం రాదు. పక్కవాడిని అడుగుదామంటే వాడికీ తెలియదు. 2013లో దాన్ని వదిలేసి, ఉన్న కోడ్‌ను ఒక అనువాద ప్రోగ్రాముతో రూబీలోకి మార్చారు. ఆ ఏడాది నవంబర్‌లో వచ్చిన ఓపెన్‌సూసె 13.1లో రూబీ యాస్ట్ ఉంది. 2025 అక్టోబర్‌లో వచ్చిన లీప్ 16లో యాస్ట్ కూడా పక్కకు జరిగి అగమా అనే కొత్త ఇన్‌స్టాలర్ వచ్చింది.

ఇక మనకు దగ్గరి విషయానికి వద్దాం. అది డెబియన్. సీడాక్ తయారుచేసిన మన దేశపు బాస్ లినక్స్‌ను దీని మీదే కట్టారు. ఉబుంటు కూడా దీని నుంచి వచ్చిందే. డెబియన్ వేసుకున్న కంప్యూటర్‌లో పెర్ల్ కొంత భాగం తప్పనిసరిగా ఉంటుంది. ప్యాకేజీ వేసేటప్పుడు మనల్ని ప్రశ్నలు అడిగే డెబ్‌కాన్ఫ్‌ను పెర్ల్‌లోనే రాశారు. అయినా 2005లో డెబియన్ 3.1తో వచ్చిన కొత్త ఇన్‌స్టాలర్‌లోకి పెర్ల్‌ను రానివ్వలేదు. ప్రశ్నలు అడిగే భాగాన్ని పనిగట్టుకుని సిలో మళ్ళీ రాశారు. మిగతాదాంట్లో చాలా భాగం బిజీబాక్స్ అనే అతి చిన్న షెల్‌తో నడిచే స్క్రిప్టులు. ఎందుకంత కష్టం? ఆ మొదటి గంటలో మెమరీలోని ప్రతి మెగాబైట్‌కూ లెక్క ఉంది కాబట్టి.

ఆ లెక్కలోనే మన తెలుగు కూడా ఉంది. డెబియన్ ఇన్‌స్టాలర్‌కు తెలుగు అనువాదం ఉంది. కానీ మామూలు టెక్స్ట్ తెర మీద గుణింతాలు, ఒత్తులు సరిగా కూర్చడం కుదరదు. అందుకని తెలుగు గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లోనే దొరుకుతుంది. గ్రాఫికల్ అంటే ఫాంట్లు కావాలి, ఎక్కువ మెమరీ కావాలి. కంప్యూటర్‌లో మెమరీ బాగా తక్కువగా ఉందని కనిపెడితే ఆ ఇన్‌స్టాలర్ తక్కువ మెమరీ పద్ధతిలోకి మారిపోయి, ఇక చాలావరకు ఇంగ్లీషులోనే సాగుతుందని తెర మీద చెబుతుంది. గమనించారా? చోటు చాలనప్పుడు ముందు బయటికి పోయేవాటిలో అనువాదం ఒకటి. మరి అలాంటి పాత కంప్యూటర్ ముందు ఎవరు కూర్చుంటారు? తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషు ఇంకా పట్టుబడని మన పిల్లలే. తెలుగు ఎవరికి అందరికంటే ఎక్కువ అవసరమో వాళ్ళకే తెలుగు దక్కడం లేదు.

దీనికి డెబియన్ వాళ్ళను తప్పు పట్టను. పెద్ద దుబాసీని వద్దనుకున్నారు కాబట్టే ఆ మాత్రం చోటైనా మిగిలింది. మేము డిగ్రీలో ఉండగా హాస్టల్‌కు దాత ఒకరు ఇచ్చిన రెండు పాత కంప్యూటర్లలో ఈ తేడా కళ్ళారా చూశాను. ఒక సిస్టం ఇన్‌స్టాలర్ రంగుల తెర చూపించి అక్కడే ఆగిపోయింది. భోజనానికి వెళ్ళి వచ్చి చూసినా కదల్లేదు. ఇంకో సిస్టం ఇన్‌స్టాలర్ ఇంగ్లీషులోనే అయినా, అక్షరాల తెర మీద చివరిదాకా నడిచి పని పూర్తి చేసింది. దాన్ని రాసినవాళ్ళు మమ్మల్ని ఎన్నడూ చూడలేదు. అయినా ఎక్కడో ఇలాంటి యంత్రం ఒకటి ఉంటుందని తలచుకుని రాశారు.

నా రూమ్మేట్ ఈ మాటలు ఒప్పుకోడు. "ఒరేయ్, ఇప్పుడు 8 జీబీ లేని కంప్యూటర్ ఎక్కడ ఉందిరా? ఇంకా షెల్ పట్టుకుని వేలాడతావేం? షెల్ ఎంత ప్రమాదమో తెలుసా?" అంటాడు. అతని రెండో మాట నిజమే. 2011లో బంబుల్‌బీ అనే గ్రాఫిక్స్ ప్రోగ్రాము ఇన్‌స్టాల్ స్క్రిప్టులో ఒకే ఒక్క ఖాళీ ఎక్కువ పడింది. ఎక్కడో లోపలున్న చిన్న ఫోల్డర్‌ను తుడవాల్సిన లైను ఆ ఖాళీ దగ్గర రెండు ముక్కలై, సిస్టంలో సగం ప్రాణం ఉండే యూఎస్ఆర్ ఫోల్డర్‌నే మొత్తంగా తుడిచేసింది. షెల్‌కు ఖాళీ అంటే మాటకూ మాటకూ మధ్య హద్దు. అది మనల్ని అడగదు, ఆగదు. పైగా షెల్ అంతా ఒకటి కాదు. బ్యాష్‌లో నడిచే స్క్రిప్టు డ్యాష్‌లో నడవకపోవచ్చు. డెబియన్ వాళ్ళు 2011 ఫిబ్రవరిలో వచ్చిన 6.0లో డ్యాష్‌కు మారడానికి, బ్యాష్‌కే చెల్లే పద్ధతులు ఉన్న స్క్రిప్టులను వెతికి వెతికి దిద్దాల్సి వచ్చింది.

అతని మొదటి మాట మాత్రం ఒప్పుకోలేను. 8 జీబీ లేని కంప్యూటర్ ఎక్కడుందని అడిగేవాడు మన హాస్టళ్ళు ఒకసారి తిరిగి చూడాలి.

అయితే ఏం చేయాలి? నా అభిప్రాయం ఇది. మొదటి అంచెలో, అంటే డిస్క్ మీద ఇంకా ఏమీ లేనప్పుడు, సిస్టంలో ఎలాగూ ఉండే చిన్న షెల్ చాలు. కొత్త దుబాసీని తేకూడదు. ఒక్కో స్క్రిప్టు ఒక్క పనే చేయాలి, ఒక్క పేజీలో చదవగలిగేలా ఉండాలి. జాబితాలు, పట్టికలు, చిక్కు లెక్కలు వచ్చాయంటే అక్కడితో షెల్‌ను ఆపేయాలి. అక్కడ కూడా చిన్న భాషలు లేకపోలేదు. 2018 డిసెంబర్‌లో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 12.0లో బూట్ లోడర్ స్క్రిప్టులను పాత ఫోర్త్ భాష నుంచి లువాకు మార్చారు. లువా దుబాసీ కొన్ని వందల కిలోబైట్లలో ఇమిడిపోతుంది. ఈ భాష పుట్టింది అమెరికాలో కాదు, బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో, ఒక విశ్వవిద్యాలయంలో. అప్పట్లో ఆ దేశంలో బయటి కంప్యూటర్ సరుకు మీద ఆంక్షలు ఉండేవి. కొనడం కష్టమైనప్పుడు తామే తయారుచేసుకున్నారు. లేమి నుంచి పుట్టిన చిన్న భాష ఇప్పుడు ప్రపంచమంతా నడుస్తోంది.

రెండో అంచెలో, సిస్టం డిస్క్ మీదికి వచ్చాక, నలుగురికీ తెలిసిన భాష వాడాలి. ఇవాళ్టికి నా ఓటు పైథాన్‌కే. కానీ సిస్టంది సిస్టంకు, యూజర్‌ది యూజర్‌కు విడివిడిగా ఉండాలి. హాస్టల్ వంటకు వాడే గిన్నెను పిల్లలు స్నానానికి తీసుకుపోతే ఆ పూట అందరూ పస్తే కదా! ఇక మూడోది, ఎంత తెలివైనవాళ్ళు కూర్చున్నా సరే, ఈ పని కోసం సొంత భాష తయారుచేసుకోకూడదు. రాసినవాళ్ళు వెళ్ళిపోతారు. తర్వాత వచ్చినవాడు తాళం చెవి లేని పెట్టె ముందు కూర్చోవాలి.

ఈ మూడింటి వెనక ఉన్న సూత్రం ఒక్కటే. భాషను రాసేవాడి సుఖం చూసి ఎంచుకోకూడదు. అందరికంటే పేద యంత్రంలో అది నడుస్తుందా, రేపు వచ్చే కొత్తవాడు చదివి దిద్దగలడా అని చూసి ఎంచుకోవాలి. రాసేవాడి సుఖం ఒక ఏడాది ఉంటుంది. దిద్దేవాడి కష్టం పదేళ్ళు ఉంటుంది.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేను. అమ్మ కూలికి వెళ్తుంది. తెర మీద ఎర్రర్ వస్తే ఇదేంటని అడగడానికి ఇంట్లో అన్నయ్యా లేడు, బాబాయీ లేడు. మనలో చాలామంది పరిస్థితి ఇదే. అడగడానికి ఎవరూ లేనివాడికి, తెరిచి చదవగల ప్రోగ్రామే సీనియర్. కంపైల్ చేసి మూసేసిన పెట్టె మనతో మాట్లాడదు. స్క్రిప్టు మాట్లాడుతుంది. నేను షెల్ నేర్చుకున్నది కోచింగ్ సెంటర్‌లో కాదు, ఇలాంటి స్క్రిప్టులు ఒక్కో లైను చదివే.

అందుకే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. డెబియన్, ఉబుంటు లాంటిది ఏదైనా చేతికి వస్తే వార్ ఫోల్డర్‌లో లిబ్, దానిలో డీపీకేజీ, దానిలో ఇన్ఫో అనే ఫోల్డర్ తెరిచి చూడండి. ప్యాకేజీలు వేసేటప్పుడు, తీసేటప్పుడు నడిచే స్క్రిప్టులు అక్కడ ఉంటాయి. చాలావరకు చిన్న షెల్ స్క్రిప్టులే. రోజుకు ఒకటి చదవండి. అర్థం కాని మాట కనిపిస్తే నోట్‌బుక్‌లో రాసుకుని, దాని మాన్యువల్ పేజీ తీయండి. ఖర్చు లేదు, ఫీజు లేదు. ఇన్‌స్టాలర్‌లో తెలుగు మాట ఏదైనా వంకరగా ఉందనిపిస్తే దాన్ని దిద్ది పంపే హక్కు మీకూ ఉంది. ఆ పనికి ప్రోగ్రామింగ్ కంటే మంచి తెలుగు ముఖ్యం. అది మీ దగ్గర ఉంది.

ఉద్యోగాల్లో స్థిరపడ్డ అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. హాస్టల్‌కు పాత కంప్యూటర్ ఇచ్చేటప్పుడు అందులో మెమరీ ఎంత ఉందో ఒకసారి చూడండి. చాలకపోతే ఇంకో ర్యామ్ ముక్క వేయించి ఇవ్వండి. మొదటిసారి సిస్టం వేసుకునే పిల్లవాడికి తెర మీద తెలుగు కనిపించాలా, ఇంగ్లీషే కనిపించాలా అన్నది ఆ చిన్న ముక్క మీద ఆధారపడి ఉండవచ్చు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఉన్నవాళ్ళు ఏదైనా పనిముట్టుకు భాష ఎంచుకునే సమావేశంలో కూర్చుంటే, ఏది కొత్తది, ఏది గొప్పది అనే మాటల మధ్య ఈ ప్రశ్న కూడా అడగండి: మన పాత హాస్టల్ గదిలో ఉన్న ఆ కంప్యూటర్‌లో ఇది నడుస్తుందా? అడగగలిగిన చోటికి మీరు చేరుకున్నారు. మేమూ వస్తున్నాం.

ఎం.సి.ఏ. ద్వితీయ సంవత్సరం,
హాస్టల్ పూర్వ విద్యార్థి